మేలుకొనే వంతు

మా మేనకోడలు ఏం ఉద్యోగం చేస్తోందని పేరంటంలో ఎవరైనా అడిగితే నాకు గొంతులో వెలక్కాయ పడుతుంది. "కంప్యూటర్లో" అని వూరుకుందామంటే ఈ రోజుల్లో కుదరదు. ఇంటికొకరు కంప్యూటర్లవాళ్ళే. "కంప్యూటర్లో అంటే ఎందులోనండీ? టెస్టింగా? జావానా?" అని నిలదీస్తారు. ఒకసారి ధైర్యం చేసి "డేటా పైపులైన్లు నడుపుతుంది" అని వున్నమాట చెప్పేశాను. పక్కింటి పిన్నిగారు శనగలు కొంగున మూటకట్టుకుంటూ, "అయితే మన వీధికి మంజీరా నీళ్ళు రోజూ ఎందుకు రావో కాస్త కనుక్కోమనమ్మా" అన్నారు.

నేను చదివింది బి.ఏ. రాసుకునేది నవలలు. ఇంతవరకు నా నవలల్లో కంప్యూటరు ఇంజనీరు నాయిక కాలేదు. ఆవిడ ఆఫీసులో ఏం చేస్తుందో రాయాల్సి వస్తుందని భయం. నాయకుణ్ణి మాత్రం రెండుసార్లు ఇంజనీరుని చేశాను. వాడు పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తే చాలు, అక్కడేం చేశాడని ఏ పాఠకురాలూ అడగదు.

అలాంటి నాకు ఈ పైపులైన్ల సంగతి ఇంత తెలిసిందంటే కారణం, మా అన్నయ్య కూతురు 2021లో హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చి మా ఇంట్లోనే వుండడం. దానిగది, నాగది పక్కపక్కనే. మధ్యగోడ ఇప్పటి బిల్డర్లు కట్టిన గోడ. అంటే వినపడనిదేదీ లేదన్నమాట.

దాని కంపెనీ పేరు చెప్పను. ఊరూరా మందుల షాపులున్న కంపెనీ. రాత్రి పదకొండింటికి షాపులు మూస్తారు గదా, ఆ రోజు ఏ షాపులో ఏ మందు ఎన్ని అమ్ముడయిందో ఆ లెక్కలన్నీ కంపెనీ కంప్యూటర్లకు చేరాలి. అది మొదటి మెట్టు. అన్ని షాపులవాళ్ళూ ఒక్కలా పంపరు. ఒకరు మందుపేరు పూర్తిగా రాస్తే ఇంకొకరు పొడి అక్షరాలు పెడతారు. వాటినన్నిటినీ ఒక దారికి తేవాలి. అది రెండోది. తర్వాత నిన్నటి నిల్వలోంచి ఇవాళ అమ్మినవి తీసెయ్యాలి, గడువు దాటినవాటిని పక్కన పెట్టాలి, రేపటికి ఏది ఎంత కావాలో అంచనా కట్టాలి. చివరికి ఏ షాపుకు ఏమేం పంపాలో జాబితా తయారై తెల్లవారుజామున అయిదున్నరకల్లా గోడౌనులో అచ్చయి బయటికి రావాలి. ఆరింటికి వ్యాన్లు కదులుతాయి. ఇదంతా ఊరు నిద్రపోతుండగా, మనుషులెవరూ చెయ్యి పెట్టకుండా జరిగిపోవాలి. లెక్కలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకి పారుతుంటాయి కాబట్టి పైపులైను. ఏది ముందు, ఏది వెనుక, ఒకటి చెడితే మిగతావి ఆగాలా, సాగాలా అని చూసే పెత్తనానికి ఆర్కెస్ట్రేషన్ అని పేరు.

ఆర్కెస్ట్రా నడిపే ఆయన పని అట అది. ఆయన ఏ వాద్యమూ వాయించడు, అందరినీ వాయింపిస్తాడు. మన కచేరీల్లో అలాంటివాడు లేడు గాని, నాట్యంలో నట్టువాంగం చేసే ఆయనను తల్చుకోండి. ఆడేది ఒకరు, పాడేది ఒకరు, మృదంగం ఒకరు. తాళాలు పట్టుకున్నాయన కన్ను చెదిరితే ముగ్గురూ తలోదారి పడతారు.

ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెరమీద బొమ్మ చూపించింది. గళ్ళు, గళ్ళమధ్య బాణాలు. అయిపోయిన పని పచ్చగా, చెడిపోయింది ఎర్రగా. "దీన్ని డాగ్ అంటారత్తా" అంది. కుక్కేమిటే అన్నాను. నవ్వి, అది కుక్క కాదనీ, బాణాలన్నీ ముందుకే వెళ్ళాలి, తిరిగి మొదటికి రాకూడదు అని చెప్పే మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలనీ చెప్పింది. ఎందుకు రాకూడదో మాత్రం నాకు దాని సాయం లేకుండానే తెలిసింది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. బాణం తిరిగొస్తే ఇదీ గతి. ఏ పనీ మొదలే కాదు.

ఇలాంటి పెత్తనానికి పూర్వం క్రాన్ అని ఒకటుండేది. వుండేది అనకూడదులెండి, ఇప్పటికీ వుంది. 1970లలో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళ యూనిక్స్‌తో వచ్చింది. దానికి తెలిసింది ఒక్క గడియారమే. ఒంటిగంటకి ఇది, రెండింటికి అది అని చెపితే, ఠంచనుగా లేపుతుంది. అంతకుమించి అడక్కూడదు. అన్నం ఉడికిందా లేదా చూడకుండా, పన్నెండయింది గదాని గంజి వార్చేసే మనిషి అనుకోండి. మా వాళ్ళ కంపెనీ చిన్నగా వున్నప్పుడు ఆ గడియారం మీదే నడిచింది. తర్వాత షాపులు పెరిగాయి. మొదటి మెట్టు గంటలో అయ్యేది కాస్తా గంటన్నర పట్టడం మొదలెట్టింది. రెండో మెట్టు మాత్రం పద్ధతి ప్రకారం రెండింటికే లేచి, వచ్చినంతమేరకు లెక్కలు తీసుకుని, అంతే అమ్ముడయింది కాబోలు అనుకుని ముందుకు పోయేది. పొద్దున్న ఏ మూల షాపులోనో బి.పి. మాత్రలు లేవు. ఎక్కడా ఏ గంటా మోగదు, ఎవరికీ ఏమీ తెలియదు. ఏ రిటైరయిన మేష్టారో చీటీ పట్టుకుని, ఖాళీ చేతులతో ఇంటికి వెళతాడు.

ముందు పని అయితేనే తర్వాతి పని అన్న ఇంగితం వున్న యంత్రాల కోసం పెద్ద కంపెనీలన్నీ తలో ప్రయత్నం చేశాయి. యాహూవాళ్ళది ఊజీ. బర్మా భాషలో ఊజీ అంటే మావటివాడట. హడూప్ అనే పెద్ద సరంజామాని తోలేది గనక ఆ పేరు. హడూప్ అన్నది దాన్ని తయారుచేసిన డగ్ కటింగ్ గారి పిల్లవాడి బొమ్మ ఏనుగు పేరు. ఏనుగుకి మావటి. ఇంజనీర్లు పేర్లు పెట్టడం రానివాళ్ళని ఇన్నాళ్ళూ అనుకున్నాను గాని, ఈ ఒక్కదానికి వాళ్ళను మెచ్చుకోవాలి. పాటల కంపెనీ స్పాటిఫైవాళ్ళు తమ దాన్ని 2012లో అందరికీ ఇచ్చేశారు. దానికి లూయీజీ అని వీడియో ఆటలోని ప్లంబరు పేరు పెట్టారు. పైపులు గదా! ఎయిర్‌బిఎన్‌బిలో మాక్సిమ్ బోషెమాన్ అనే ఆయన 2014లో మొదలుపెట్టిన ఎయిర్‌ఫ్లో అన్నిటికంటే బాగా పాకింది. 2015లో దాన్ని లోకానికి తెరిచిపెట్టారు. 2019లో అపాచీ సంస్థ పెద్ద ప్రాజెక్టుల వరసలో చేరింది. మా వాళ్ళు తెచ్చుకున్నదీ అదే.

తెచ్చుకున్నారు, బాగానే వుంది. అంతకుముందు నోరెత్తకుండా జరిగిపోయే తప్పులన్నీ ఎర్రగా కనిపించసాగాయి. ఎరుపు కనిపించినప్పుడల్లా ఫోను మోగేలా ఏర్పాటు చేశారు. ఆ ఫోను మా మేనకోడలిది.

టీములో ఆరుగురున్నారు. ఆరుగురి ఫోన్లూ మోగచ్చు గదా? మొదట్లో మోగేవిట. ఒకడికి ఫోను వినపడదు, ఒకాయనకి చంటిపిల్ల, ఒకరు ఫోనెత్తి "నాకా మెట్టు తెలియదే" అంటారు. చివరికి అందరూ పిల్లకే చేస్తారు. ఎందుకంటే అది ఎత్తుతుంది. ఎత్తాక, విసుక్కోకుండా సరిచేస్తుంది. అలాంటివాళ్ళు దొరికాక ఏ ఇల్లయినా, ఏ ఆఫీసయినా రెండోవాళ్ళను వెతుక్కుంటుందా?

2023 ఫిబ్రవరిలో నేనొక పని చేశాను. వంటింట్లో కిరాణాకొట్టు క్యాలెండరు మీద, పాలవాడి నాగాల పక్కన, రాత్రి ఫోను మోగినప్పుడల్లా ఒక గీత పెట్టాను. 28 రోజుల్లో 63 గీతలు. ఒకనాటి రాత్రి అయిదు. ఇందులో నిజంగా నువ్వు లేచి చెయ్యి పెడితేగాని కానివి ఎన్నే అని అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టుకుని "తొమ్మిదో పదో" అంది. మిగతావి? ఎక్కడో తీగ ఒక్క క్షణం తెగి అతుక్కుంది. పది నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నిస్తే అదే అయిపోయేది. లేకపోతే, ఎవరో పెద్ద ఆఫీసరు సోమవారం చూసుకునే బొమ్మల పట్టీ శనివారం రాత్రి తయారవలేదు. దానికీ అదే గంట, గోడౌను జాబితా ఆగిపోతే కూడా అదే గంట. ఏ గంట దేనికో తెలియక ప్రతిదానికీ ఉలిక్కిపడి లేవడం. అలా అలవాటైన మనిషికి నిద్రలో కూడా చెవి ఒకటి మేలుకునే వుంటుంది. పసిపిల్లల తల్లులకి నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది కంపెనీవాళ్ళు దానికి గాజు పలక ఒకటి బహూకరించారు. ఏ వేళనైనా అందుబాటులో వుండే ఉద్యోగిని అని చెక్కి వుంది. అది తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. నేను ఏమీ అనలేదు. మా అత్తగారిని చుట్టాలంతా "ఆవిడ వుంటే చాలు, ఇల్లు నడుస్తుంది" అని మెచ్చుకునేవారు. ఏ కొట్టుకి ఎంత బాకీ, ఏ పిల్లకి ఏ మందు పడదు, నెయ్యి కాచింది ఏ నాడు, అన్నీ ఆవిడ తలలోనే. ఆవిడ పన్నెండు రోజులు ఆస్పత్రిలో వుంటే, ఇంట్లో ఎనిమిదిమందిమి వుండి బీరువా తాళం ఏదో తేల్చుకోలేకపోయాం. మత్తు మందులోంచి లేచిన ఆవిడ అడిగిన మొదటి మాట, "పాలు తోడు పెట్టారా?" అని. అందరూ నవ్వారు. ఎంత బాధ్యత గల మనిషో అన్నారు. నాకు మాత్రం ఆ గాజు పలక చూస్తే ఆ మాటే గుర్తొచ్చేది.

మా అన్నయ్య ఒకటే గోల. "రాత్రిళ్ళు కాపలా కాసే ఉద్యోగానికా నేను ఇంజనీరింగు చదివించింది? మానిపించి తెనాలి పంపెయ్యి చెల్లాయ్" అని. వాడి బాధ వాడిది. ఆ మధ్య ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి తల్లి అన్నీ నచ్చి, కాఫీ తాగి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మా వదినను చాటుగా అడిగిందట, "రాత్రి రెండింటికీ మూడింటికీ అమ్మాయికి ఫోన్లు చేసేది ఎవరండీ?" అని. వదిన నిజమే చెప్పింది. ఆవిడ నమ్మినట్టు లేదు. ఆ సంబంధం పోయిందన్న విచారం నాకు ఆవగింజంత కూడా లేదు గాని, ఆ ప్రశ్న విని పిల్ల మొహం ఎలా అయిందో అది మర్చిపోలేను. ఆ మొహంతోనే ఆ రాత్రి కూడా లేచి ఫోనెత్తింది.

ఆ మే నెలలో జరిగింది అసలు సంగతి. జాబితా రాసే మెట్టు సగం రాసి ఆగిపోయింది. మూడున్నరకి దీన్ని లేపారు. ఇది లేచి, కళ్ళు నులుముకుని, మళ్ళీ మొదట్నుంచి నడిపింది. తెరంతా పచ్చబడింది. పడుకుంది. పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్లే ఫోన్లు. మొదటిసారి రాసిన సగం అలాగే వుండి, రెండోసారిది దానికింద చేరింది. సగం షాపులకి అన్నీ రెండింతలు వెళ్ళాయి. మాత్రలయితే అరల్లో పడివుంటాయి. ఇన్సులిను అలా కాదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో వుండాలి. షాపుల్లో ఫ్రిజ్ ఎంతుంటుందో మీకు తెలియనిదా? మే నెల ఎండలో డబ్బాలు పట్టుకుని ఏ షాపువాళ్ళు ఎవరి ఫ్రిజ్ అడుక్కున్నారో! ఆఫీసులో మీటింగు పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "మళ్ళీ నడిపింది ఎవరు?"

ఆ పూట అది అన్నం తినలేదు. "నేనే గదత్తా నొక్కింది" అంటుంది. పైగా గాజు పలక తీసి బీరువాలో పెట్టేసింది.

రెండు నెలలకి ఆ టీముకి కొత్త పెద్ద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడట. పాత కాగితాలన్నీ చదివి, పిల్లను పిలిచి, ఎవరు నొక్కారని అడగలేదు. "రెండుసార్లు నొక్కితే రెండింతలయ్యేలా దీన్ని ఎందుకుంచాం?" అని అడిగాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పేటప్పుడు, ఎన్నో నెలలకి, దాని గొంతు మామూలుగా వుంది.

దానికో పెద్ద పేరుంది, నోరు తిరగదు. నేను ఇలా అర్థం చేసుకున్నాను. బిందెలో రెండు చెంబులు పొయ్యమ్మా అని పనిమనిషికి చెప్పి, పోసిందో లేదో గుర్తులేక మళ్ళీ చెపితే నాలుగు చెంబులై పొర్లుతుంది. బిందె అంచుదాకా నింపు అని చెప్పామనుకోండి, పదిసార్లు చెప్పినా బిందె అంచుదాకానే వుంటుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో వున్న మనిషి నడిపే పనులన్నీ రెండో రకంగా వుండాలి. అంటే కింద చేర్చడం కాదు, ఆ రోజు పేజీ మొత్తం తుడిచి కొత్తగా రాయాలి. మా వాళ్ళు ముప్పైకి పైగా మెట్లను ఇలా మార్చారు. నాలుగు నెలలు పట్టింది.

టీములో కుర్రాళ్ళు ఇంకో కొత్త యంత్రానికి మారదామన్నారట. డాగ్‌స్టర్ అనీ, ప్రిఫెక్ట్ అనీ ఇప్పుడు చాలా వున్నాయి. పెద్దాయన వద్దన్నాడు. అవి మంచివి కావని కాదు. మనకు ఏ మెట్టు ఎవరిదో, ఏది ఎందుకు లేపుతోందో తెలియకుండా మారితే, ఈ గజిబిజి అంతా కొత్త ఇంట్లోకి మోసుకెళ్ళడమేనన్నాడు. ఆయన ఇంట్లో సామాను సర్దడం తెలిసిన మనిషి అయివుండాలి.

ఆయన చేసినవి వింటే గొప్పగా అనిపించవు. చెడిన పనిని యంత్రమే కాస్త ఆగి మూడుసార్లు ప్రయత్నించాలి, అప్పటికీ కాకపోతేనే మనిషిని లేపాలి. అయిదున్నర జాబితాకి అడ్డుపడేదానికే రాత్రి గంట, మిగతావి పొద్దున్న తొమ్మిదిదాకా ఆగుతాయి. ఒక షాపు లెక్క రాకపోతే మిగతావాటిని ఆపకూడదు. కాని చాలా షాపుల లెక్క ఒకేసారి సున్నా అని వస్తే మాత్రం నమ్మి ముందుకు పోకుండా ఆగిపోవాలి. ప్రతి మెట్టు పక్కన ఒక మనిషి పేరు. ఈ ఆఖరిది పెట్టేటప్పుడు తేలిందేమిటంటే, పదకొండు మెట్లకి సొంతదారులే లేరు. రాసినవాళ్ళు ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్ళిపోయారు. వాళ్ళు రాసినవి రాత్రిపూట నడుస్తూనే వున్నాయి. నాకు వినడానికి ఒళ్ళు జలదరించింది. దెయ్యాల కథ రాసుకోవచ్చు.

గడియారం గొడవ ఒకటి చెప్పాలి. ఎయిర్‌ఫ్లో మనం వేరేగా చెప్పకపోతే మన టైము చూడదు, లోకమంతటికీ వుమ్మడి టైము ఒకటుంది, దాన్ని చూస్తుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఎవరో మహానుభావుడు అర్ధరాత్రికి అని రాస్తే అది మనకి తెల్లవారుజామున అయిదున్నరకి లేచేది. ఆ పని రోజూ ఎందుకు ఆలస్యమవుతోందో తెలియక ఏడాదిపాటు దాన్ని "బరువైన పని" అని పిలిచారట. ఇంకో వింత, పధ్నాలుగో తారీఖు లెక్క పధ్నాలుగు ముగిశాక, అంటే పదిహేనున నడిచేది, దానికి పధ్నాలుగు అనే పేరుండేది. కొత్తగా చేరినవాళ్ళందరూ ఇక్కడ బోల్తా పడేవారు. జనం తికమక పడుతున్నారని 2021లో ఆ తారీఖుకి పేరే మార్చారు. నాకు మాత్రం ఇది చాలా సహజంగా తోచింది. నిన్నటి ఖర్చు ఇవాళ పొద్దున్న రాసుకుంటూ పైన నిన్నటి తేదీ వెయ్యని ఇల్లాలు ఎవరండీ?

గూగుల్‌వాళ్ళు 2016లో వేసిన పుస్తకం ఒకటుంది, పెద్ద పెద్ద కంప్యూటరు వ్యవస్థలను పడిపోకుండా ఎలా చూసుకోవాలో. మా పిల్ల దాన్ని దిండుకింద పెట్టుకుని చదివింది. చేసిందే చేస్తూ, ఎంత చేసినా ఏమీ మిగలని పనికి వాళ్ళొక పేరు పెట్టారు. ఇంజనీరు కాలంలో సగానికి మించి అలాంటి పని వుండకూడదని నియమం పెట్టుకున్నారు. ఆ ఇంగ్లీషు మాటకి తెలుగేమిటని అడిగింది. చాకిరీ అన్నాను. సరిగ్గా అదే అంది. చాకిరీకి సగం అని హద్దు గీసి, ఆ హద్దు దాటితే పని చేసే పద్ధతి మార్చుకోవాలని పుస్తకంలో అచ్చువేసుకున్నారు చూశారా, ఆ పేజీ నేను రెండుసార్లు చదివించుకున్నాను.

వీటన్నిటికంటే కష్టమైంది వంతులు. వారానికొకరు మేలుకోవాలి. ఆరు వారాలకి ఒకసారి. పెద్దాయన తన పేరు మొదటి వారంలోనే వేసుకున్నాడు. రాత్రి లేచినవాళ్ళు మర్నాడు మధ్యాహ్నం దాకా ఆఫీసుకి రానక్కర్లేదు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కాని మిగతావాళ్ళకి ఆ మెట్ల గుట్టు తెలియందే ఎలా? గుట్టంతా దీని తలలో వుంది. అది కాగితం మీద పెట్టాలి. ఏ గంట మోగితే ఏం చూడాలి, ఏం చెయ్యాలి, ఎప్పుడు ఇంకొకరిని లేపాలి.

మూడు వారాలు కూర్చుని ఇంగ్లీషులో రాసింది. తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకేం తెలుసే?" అన్నాను. "అందుకే. నీకర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది" అంది. పొగడ్తో కాదో తెలియలేదు. ఎర్రసిరా కలం తీసుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా నా రాతప్రతులను ఇతరులు దిద్దడమే గాని, నాకు ఈ అవకాశం ఎప్పుడొచ్చింది గనుక!

మొదటి వాక్యంలోనే పట్టుకున్నాను. "లెక్క సరిగా వుందో లేదో చూడవలెను." ఎవరు చూడాలి? దేంతో పోల్చి? సరిగా వుందని ఎలా తెలుస్తుంది? "అది అందరికీ తెలుసత్తా" అంది. తెలిస్తే నిన్నెందుకు లేపుతున్నారే అన్నాను. మాట్లాడలేదు. కొట్టేసి రాసింది: నిన్నటి అంకె పక్కన ఇవాళ్టిది పెట్టు, అయిదోవంతుకి మించి తేడా వుంటే ఆగు. "అవసరమైతే మళ్ళీ నడపవచ్చు." ఎప్పుడు అవసరం? నడిపితే ఏమైనా పాడవుతుందా? భయపడే మనిషికి ఆ సంగతి ముందు చెప్పాలి గదా! "పాడవదు, ఎన్నిసార్లయినా నడపచ్చు" అని పైన పెద్ద అక్షరాల్లో పెట్టించాను. వాక్యానికి ఒక పనే వుండాలన్నాను. రాత్రి మూడింటికి చదివేవాడికి "అయినప్పటికీ" లాంటి మాటలు పనికిరావన్నాను. పద్ధెనిమిది పేజీలు తొమ్మిదయ్యాయి. నవలలకి కూడా ఎవరైనా నాకిలా చేసివుంటే బాగుండేది.

ఒకచోట మాత్రం అది ఎంతకీ రాయలేకపోయింది. అంచనా కట్టే మెట్టు ఆగితే ఏం చెయ్యాలో. "అది చూస్తే నాకే తెలిసిపోతుంది" అంటుంది. ఎలా తెలుస్తుంది? "ఏమో, చూడగానే అనిపిస్తుంది." మా అత్తగారు పచ్చడికి ఉప్పు వేసే పద్ధతి. రెండు రాత్రులు కూర్చోబెట్టి, అనిపించేముందు కన్ను ఎక్కడ పడుతుందో చెప్పించాను. మూడు అంకెల మీద పడుతుందని తేలింది. ఆ మూడూ రాయించాను. రాసేశాక కాగితం కేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. "ఇంతేనా అత్తా? నాకు తెలిసింది ఇంతేనా?" అంది. నేను లేచి కాఫీ కలుపుకొచ్చాను.

2024 మధ్యకి రాత్రిళ్ళు ఇల్లు సద్దుమణిగింది. దాని వంతు వచ్చిన వారంలో ఒకటో రెండో గీతలు పడేవి. తర్వాత క్యాలెండరు మారిపోయింది, గీతలు పెట్టడం మానేశాను. మా అన్నయ్య ఉద్యోగం మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం పైపులైన్లు బాగుపడడమో, దీని జీతం పెరగడమో ఆయన్నే అడగాలి.

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళింది, అయిదు రోజులు. మూడేళ్ళలో మొదటిసారి కంప్యూటరు ఇక్కడే వదిలి వెళ్ళింది. తిరిగొచ్చిన పూట గదిలోంచి పిలిచింది. వెళ్ళి చూస్తే తెర ముందు కూర్చుని వుంది, సంచులు ఇంకా విప్పలేదు. పండగనాటి రాత్రి గంట మోగిందట. పండక్కి చాలా షాపులు మూసేస్తే అమ్మకం సున్నా వచ్చింది. సున్నాలు చాలా వస్తే ఆగిపొమ్మని వీళ్ళే పెట్టారు గదా, ఆగిపోయింది. రాత్రి ఒంటిగంట యాభైకి. ఆ వారం వంతు టీములో అందరికంటే చిన్నవాడిది, చేరి ఏడు నెలలు. కాగితం తీసి చూశాడు. ఏడో లైనులో "షాపుకి ఫోను చేసి కనుక్కో" అని వుంది. రెండింటికి మూసివున్న షాపులో ఎవరుంటారు? వాడు కాసేపు ఆలోచించి, సెలవుల జాబితా ఎక్కడుందో వెతికి, సరిచూసుకుని, ముందుకు నడిపించి పడుకున్నాడు. అయిదుంబావుకే జాబితా వచ్చేసింది. మర్నాడు ఏడో లైను కొట్టేసి, ముందు సెలవుల జాబితా చూడమని రాశాడు.

"మంచిదేగా" అన్నాను.

"మంచిదే. నన్ను లేపలేదత్తా." కాస్సేపాగి, "ఒక్కడు కూడా ఫోను చెయ్యలేదు. నేను ఫోను దగ్గర పెట్టుకునే పడుకున్నాను" అంది.

ఆ మొహం నేనెరుగుదును. పదిరోజులు కాశీయాత్రకి వెళ్ళొచ్చి, ఇల్లు శుభ్రంగా, పిల్లలు కడుపునిండా, పోపులపెట్టె నిండుగా వుండడం చూసిన రోజున నా మొహం అద్దంలో అలాగే వుంది. సంతోషించాలని తెలుసు. సంతోషిస్తూనే వుంటాం. అయినా డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూస్తాం, ఏదైనా తక్కువైందేమోనని.

అదీ అలాగే వాడు రాసిన వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతోంది. "హాలిడే స్పెల్లింగు తప్పు రాశాడు. ఎల్ రెండు పెట్టాడు. దిద్దనా?" అంది.

"ఈ వారం వంతు ఎవరిది?"

"వాడిదే. ఆదివారం దాకా."

ఇంకేమీ అనలేదు. ఒక్క క్షణం వేలు మీటమీదే వుంచి, కంప్యూటరు మూసేసి, సంచీలోంచి వదిన పంపిన అరిసెల డబ్బా బయటికి తీసింది.